మూడో సిలిండర్లో ఆవాలు

మే నెల. అంబత్తూరు ఎస్టేట్‌లో రేకుల షెడ్డు.
ఇంజన్ కంటే ముందు మేమే మరుగుతున్నాం.
కారు బెంగళూరు నుంచి వచ్చింది.
అక్కడి పల్చటి గాలికి, చల్లటి సాయంత్రాలకి
ఎవరో కొలత తీసి కుట్టిన చొక్కా.
ఇక్కడ, సముద్రం ఎత్తున, నలభై ఒకటి ఎండలో
చంకల దగ్గర పిగులుతోంది.

రోలర్ల మీదికి ఎక్కించి పట్టీలు బిగించాం.
ఎక్కడికీ పోకుండానే నూట ముప్ఫై.

మస్తానయ్య మామ నా చేతికి రాగి గొట్టం ఇచ్చాడు.
ఒక కొస సుత్తితో అణిచి బ్లాకుకి బోల్టు వేశాం,
రెండో కొసకి గ్యాసు ట్యూబు, దాని చివర నా చెవి డిప్పలు.
"పెంచలా, నువ్వు విను.
నాకైతే చెవిటోడి ముందు శంఖమే."
ముప్ఫై ఏళ్లు ఇంజన్లు వినీ వినీ
ఆయన చెవుల్లో సన్నటి చప్పుళ్లన్నీ అరిగిపోయాయి.
లారీ హారన్ వినపడుతుంది.
ఫోన్లో మనవరాలు వినపడదు.

మొదటి పరుగు. మూడు వేల దగ్గర గలగల.
ఓనరు ఇళంపరిది ముఖం తెల్లబోయింది.
నేను తల అడ్డంగా ఊపాను. ఇది నాక్ కాదు,
లోడు తీసేసినా మోగుతోంది.
సైలెన్సరు పైన వేడి ఆపే రేకు, బోల్టు వదులు.
పదో నంబరు స్పానరుతో ఒకటిన్నర చుట్టు.
నోరు మూసుకుంది.

రెండో పరుగు. బూస్ట్ ఎక్కుతోంది,
సున్నా పాయింట్ ఆరు, తొమ్మిది, ఒకటి పాయింట్ మూడు.
నాలుగు వేల రెండొందలు దాటగానే
మూత పెట్టిన మూకుట్లో
ఆవాలు.
మూడే మూడు. చిట్. చిట్‌చిట్.
చెయ్యెత్తాను. మామ కాలు తీసేశాడు.

ల్యాప్‌టాప్‌లో మాత్రం అంతా పచ్చగా ఉంది.
తవ్వితే తేలింది:
సెన్సర్ వినికిడినే ఎవరో తగ్గించి పెట్టారు.
ఫిర్యాదు పోవాలని ఫిర్యాదు చెప్పేవాడి నోరు కుట్టినట్టు.
"నాకంటే చెవిటిది," అన్నాడు మామ,
కాస్త ప్రేమగానే.

ప్లగ్గులు విప్పాం.
ఒకటి, రెండు, నాలుగు బిస్కెట్టు రంగులో ఉన్నాయి.
మూడోదాని తెల్లటి పింగాణీ మీద
మిరియాల పొడి చల్లినట్టు, మధ్యలో మెరిసే నలుసులు.
భూతద్దం ఇళంపరిది చేతిలో పెట్టాను.
మిరియం కాదు సార్. మీ పిస్టన్.

నిప్పురవ్వ ఇటు అంటించిన మంట
ఇంకా దారిలో ఉండగానే
అటు మూలనున్న పెట్రోలు ఆగలేక భగ్గుమంటుంది,
పిలవని పేరంటానికి ముందే వచ్చి కూర్చున్నట్టు.
గాలిని ఎంత కుక్కితే దానికి అంత తొందర.

"ఒకటి పాయింట్ మూడని అందరికీ చెప్పేశానే..."
మామకి వినపడలేదు. లేక వినపడే ఉంటుంది.
వేస్ట్‌గేట్ కాస్త ముందే తెరుచుకునేలా
పట్టికలో ఏడు గళ్లు మార్చాడు.
బూస్ట్ ఒకటి పాయింట్ సున్నా అయిదు.
రవ్వ రెండు డిగ్రీలు ఆలస్యం.
సెన్సర్‌కి దాని చెవి దానికి ఇచ్చేశాడు.

"ఎన్ని గుర్రాలు పోయాయి?"
"పద్దెనిమిది," అన్నాను.
"ఇన్నాళ్లూ ఆ పిస్టన్నే మేస్తున్నాయి సార్ అవి."

మూడో పరుగు. నాలుగు వేలు. అయిదు. ఆరు.
చెవుల నిండా గాలి,
వడ్లమిల్లు నడుస్తున్నంత నిండుగా. ఆవాలు లేవు.
మామకి అది చాలలేదు. నన్ను సీట్లో కూర్చోబెట్టి
పొడుగు స్క్రూడ్రైవర్ పిడి పళ్లతో కరిచి
కొస బ్లాకుకి ఆనించి, తొక్కమని చెయ్యి ఊపాడు.
దవడ ఎముకతో విన్నాడు, కళ్లు మూసుకుని.
నేను కాలు తీసి, కీ తిప్పి ఆపేశాక కూడా
కాసేపు అలాగే ఉన్నాడు.

రాత్రి ఎనిమిదిన్నర. స్టేషన్ పక్క టిఫిన్ బండి.
చట్నీకి తాలింపు వేస్తోంది ఆవిడ.
నూనెలో మొదటి గింజ చిట్‌మందో లేదో
నా కుడికాలు
దానంతటదే పైకి లేచింది.